ఒక గుండిగ పెళ్ళి

నేను ఒక ఇత్తడి గుండిగను. మీ ఇంటి అటక మీద బోర్లించిన బిందె లాంటిదాన్ని అనుకోకండి. నాలో ఒక్కసారికి పాతిక కిలోల బియ్యం ఉడుకుతాయి. పొయ్యి మీంచి నన్ను దించాలంటే నా రెండు కడియాల్లో వెదురు బొంగులు దూర్చి నలుగురు మనుషులు భుజం పట్టాలి. నా అంచు చుట్టూ ఉలితో చెక్కిన అక్షరాలున్నాయి: "పలకల కార్మికుల పేట, ఉమ్మడి." ఒక మనిషి పేరు చెక్కని పాత్ర ఆ రోజుల్లో అరుదు. అది నాకు గర్వంగానే ఉండేది.

గోదావరి పక్క ఒక కంచర పల్లెలో పుట్టాను. రేకును కాల్చి, కొట్టి, మళ్ళీ కాల్చి, మళ్ళీ కొట్టి నన్ను గుండ్రం చేశారు. నన్ను చేసిన ముసలాయన ఆఖరి దెబ్బ కొట్టాక నా లోపల తలపెట్టి "ఓయ్" అన్నాడు. నేనూ "ఓయ్" అన్నాను. "సరే, ఇది పలుకుద్ది. పంపించండి," అన్నాడు. అంతే మా పరిచయం. మర్నాడు లారీ ఎక్కి మార్కాపురం వైపు వచ్చేశాను.

ఇక్కడ నేలను తవ్వితే పలకరాయి వస్తుంది. బళ్ళో పిల్లలు రాసుకునే పలకలకు ఆ రాయినే పొరలు పొరలుగా చీల్చి, కోసి, నున్నగా చేస్తారు. ఆ పని చేసేవాళ్ళ పేటలో నూటపది గడపలున్నాయి. నేను రాకముందు ఎవరింట్లో పెళ్ళి జరిగినా పట్నంలో ఒక ఆసామి దగ్గర అద్దెకు పాత్రలు తెచ్చుకునేవాళ్ళట. ఆయన అరుగు ముందు చేతులు కట్టుకుని నిలబడటం కష్టమనిపించి, గడపకొక వారం కూలిలో కొంత తీసి నన్ను కొన్నారు. నాకు అద్దె లేదు. నియమం ఒక్కటే ఉంది. ఎలా తీసుకెళ్ళారో అలా తోమి తిరిగి ఇవ్వాలి.

ఆ తోమే మనిషి ఆదెమ్మ. ఆమె భర్త గనిలో రాతిదుమ్ము మింగి మింగి చిన్న వయసులోనే పోయాడు. పెళ్ళివారు ఆమెకు ఒక శేరు బియ్యం ఇచ్చేవాళ్ళు. ఆమె చింతపండు, బూడిద పట్టుకుని పంపు దగ్గర కూర్చునేది. నా అడుగున అంగుళం మందం మసి ఉన్నా విసుక్కోవడం నేను చూడలేదు. నన్ను దొర్లిస్తూ, నాతోనే మాట్లాడుతూ తోమేది. ఎవరి పెళ్ళిలో అన్నం మాడిందో నా అడుగు చూసి చెప్పేది.

మనుషులు పెళ్ళిని ముహూర్తంతో కొలుస్తారనుకునేదాన్ని. ఈ పేటకు వచ్చాకే తెలిసింది, వీళ్ళు నాతో కొలుస్తారని. నాతో ఒకసారి అన్నం వండితే నూటయాభై మందికి సరిపోతుంది. అది ఒక గుండిగ పెళ్ళి. కాస్త కలిగినవాళ్ళు నన్ను రెండుసార్లు పొయ్యి ఎక్కిస్తారు. ఒక గనిమేస్త్రీ తన కొడుకు పెళ్ళికి నన్ను నాలుగుసార్లు ఎక్కించాడు. ఆ మాట ఇప్పటికీ చెబుతారు. ఆ పెళ్ళిలో పెళ్ళికూతురు ఎలా ఉందో మాత్రం ఎవరూ చెప్పలేరు.

గుండిగల లెక్కను బట్టే పిలుపు కూడా ఉండేది. ఒక గుండిగ పెళ్ళికి బొట్టు పెట్టి "ఇంటికొకరు రండి" అంటారు. నాలుగు గుండిగలైతే "ఆ పూట మీ ఇంట్లో పొయ్యి వెలిగించబాకండి" అంటారు. ఆ మాటకు అర్థం, చంటిపిల్ల దగ్గర్నుంచి ముసలమ్మ దాకా ఇంటిల్లిపాదీ రమ్మని. పేటలో ఎవరూ ఈ రెండు పిలుపుల్నీ కలిపేయరు. కలిపితే కొంప మునుగుతుంది. అలా మునగబోయిన కొంప గురించే నేను చెప్పాలనుకుంటున్నది.

చెన్నకేశవులు పలకల కోత మిషను మీద పనిచేసేవాడు. భార్య పిచ్చమ్మ పలకలకు చట్రాలు బిగించేది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు మాలకొండమ్మ. పేటలో అందరికీ కొండమ్మ. మా నూటపది గడపల్లో డిగ్రీ పాసైన మొదటి మనిషి ఆమే. పాసయ్యాక మూడేళ్ళు ఒక చిన్న ప్రైవేటు బళ్ళో పాఠాలు చెప్పి, జీతంలో సగం దాచింది. ఆ డబ్బును రెండు భాగాలు చేసింది. ఒకటి తన పెళ్ళికి, రెండోది బి.ఇడి. ఫీజుకి. ఒంగోలు కాలేజీలో సీటు వచ్చింది. ఆషాఢంలో కట్టాలి. అబ్బాయి శేషయ్య మందుల కొట్లో గుమాస్తా. పెళ్ళయ్యాక చదువుకుంటానని ఆమె ముందే చెప్పింది, అతను సరేనన్నాడు. కట్నం మాట ఎవరూ ఎత్తలేదు. అతని తరఫు పాతిక మందికి మించి రామని కూడా కబురు వచ్చింది.

పెళ్ళికి వారం ముందే నన్ను వాళ్ళింటికి తెచ్చారు. కళాయి, అంటే లోపలి తగరం పూత, పోయి పచ్చగా కనిపిస్తున్నాను. కళాయి వేయించాలి. అందువల్ల ఆ వారమంతా నేను వాళ్ళ వాకిట్లోనే ఉన్నాను. జరిగింది చాలావరకు నా ముందే జరిగింది.

కొండమ్మ తన పెళ్ళి లెక్క కాగితం మీద రాయలేదు. అంచు విరిగి అమ్ముడుపోని పలకలు ఆ పేటలో గోడ కట్టడానికి సరిపోయేంత ఉంటాయి. వాటిలో ఆరేడు తెచ్చి గోడకు ఆనించి బలపంతో రాసింది. ఒక పలక మీద బియ్యం, కందిపప్పు, గోంగూర, బెల్లం. ఒక పలక మీద చీర, ధోవతులు, బొందుతాడు, పుస్తెలు. ఇంకోదాని మీద పందిరి, సన్నాయి. సన్నాయి పక్కన ప్రశ్నగుర్తు పెట్టి రెండోరోజు తుడిచేసింది. బ్యాండు మేళం అసలు రాయనే లేదు. భోజనాల పలక మీద మాత్రం ఒకటే రాసింది: "గడపకొకరు నూటపది. వాళ్ళ తరఫు పాతిక. మా బంధువులు పదిహేను. ఒక గుండిగ."

"ఇంకో గుండిగ పెడితే ఏమవుద్ది అమ్మాయ్?" అని తండ్రి అడిగాడు.

"అన్నం ఒక్కటే కాదు గదా నాన్నా. రెండో గుండిగంటే రెండో పప్పు, రెండో పచ్చడి, రెండో కట్టెల బండి. అది ఆ రెండో మూటలోంచి తీయాలి."

ఆ రెండో మూట ఏమిటో ఇద్దరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే కేశవులు, పిచ్చమ్మ పిలుపులకు బయల్దేరారు. పద్ధతి ఏమిటంటే, ఆడమనిషి లోపలికి వెళ్ళి ఆ ఇంటి ఆడవాళ్ళకు బొట్టు పెట్టి వస్తుంది. మగమనిషి అరుగు మీద కూర్చుని ఇంటాయనకు పిలుపు చెబుతాడు. "ఇంటికొకరు రండి," అని కేశవులు వాకిట్లో రెండుసార్లు గొణుక్కోవడం నేను విన్నాను. పరీక్షకు పోయే పిల్లాడిలా ఉన్నాడు పాపం.

పొద్దుగూకే వేళకు తిరిగొచ్చారు. పిచ్చమ్మ ముందు వచ్చింది. కుంకుమ భరిణె నా పక్కన పెట్టి చతికిలబడింది. కేశవులు వాకిలి ముందున్న పంపు దగ్గర కాళ్ళు కడుక్కోవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

"మీ నాయన నూటపది గడపలకీ పొయ్యి వెలిగించబాకండని చెప్పొచ్చాడు," అంది పిచ్చమ్మ.

జరిగింది ఇది. మొదటి గడప గనిమేస్త్రీ నరసయ్యది. నాలుగు గుండిగల పెళ్ళి చేసిన ఆయనే. ఆ పెళ్ళిలో కేశవులు కుటుంబం మొత్తం భోంచేసింది. నరసయ్య అరుగు మీద కూర్చుని, ఆయన ఇచ్చిన మజ్జిగ తాగి, ఆ మనిషి మొహం చూస్తూ "ఇంటికొకరు" అనడానికి కేశవులుకు నోరు రాలేదు. పెద్ద పిలుపు వచ్చేసింది. పోనీ, ఒక్క ఇంటికే కదా. కానీ రెండో ఇల్లు నరసయ్య ఇంటి గోడకు అంటుకునే ఉంది. ఆ అరుగు మీది వాళ్ళు మొదటి పిలుపు విన్నారు. పక్కింటికి పెద్ద పిలుపు చెప్పి వీళ్ళకు చిన్న పిలుపు ఎలా చెబుతాడు? మూడో ఇల్లు రెండోదాన్ని ఆనుకుని ఉంది. మా పేటలో అన్ని ఇళ్ళూ ఒకదాన్నొకటి ఆనుకునే ఉంటాయి. పిచ్చమ్మ లోపల బొట్లు పెడుతూ ఉండిపోయింది. ఆమెకు సంగతి తెలిసేసరికి రెండు వరసలు దాటిపోయారు.

కేశవులు వచ్చి పలకల ముందు నిలబడ్డాడు. ఆయనకు చదువు రాదు గానీ ఏ పలక దేనిదో తెలుసు. భోజనాల పలక వైపు చూడలేదు.

"ఎన్ని ఇళ్ళల్లో తిన్నాను అమ్మాయ్. అందరి బంతుల్లోనూ కూర్చున్నాను. నా ఇంటికొచ్చేసరికి ఒక్కరే రండి అనలేకపోయా." నెమ్మదిగా, "చదువుదేముంది, వచ్చే ఏడు కూడా సీటిస్తారు గదా," అన్నాడు.

కొండమ్మ బలపం చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. వచ్చే ఏడు అన్న మాట పేటలో ఎంతమంది ఆడపిల్లలు విన్నారో నాకు తెలుసు. ఎవరి విషయంలోనూ ఆ ఏడు రాలేదు. అది ఆమెకూ తెలుసు. తండ్రి చెడ్డవాడు కాదని కూడా తెలుసు. అందుకే ఆమెకు కష్టమైంది.

మర్నాడు కళాయి వేసేముందు నన్ను తోమడానికి ఆదెమ్మ వచ్చింది. ఆమె నాకు చింతపండు రుద్దుతుంటే కొండమ్మ వచ్చి పక్కన కూర్చుంది. జరిగినదంతా చెప్పి, "నేనే ఇల్లిల్లూ తిరిగి పిలుపు వెనక్కి తీసుకుంటా ఆదెమ్మత్తా. ఇంటికొకరే రమ్మంటా," అంది.

ఆదెమ్మ చెయ్యి ఆగింది. "పిలిచి వద్దనడం ఈ పేటలో ఎవరూ చేయలేదే."

"తెలుసు."

"అయినా నీకు భయం దేనికి? ఇంటికొకరంటే మగోళ్ళేగా వచ్చేది. వాళ్ళకు కోపమొస్తే ఒక పూట. మాకు కోపమూ లేదు, రావడమూ లేదు."

కొండమ్మ ఆమె వైపు చూసింది. "నువ్వు ఎవరి పెళ్ళిలోనన్నా తిన్నావా అత్తా?"

"మొగుడు పోయినదాన్ని, పెళ్ళి పందిట్లోకి ఎట్టా వస్తా? పెద్ద పిలుపైనా నేను ఇంటికి కాపలా. మర్నాడు ఎవరో ఒకరు గిన్నెలో పెట్టిస్తారు, సద్దన్నం." మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. "ఈ గుండిగను ఎన్నిసార్లు తోమానో లెక్కలేదు కొండమ్మా. దీన్లో అన్నం వేడిగా ఉంటే ఎట్టుంటదో నాకు తెలీదు."

ఆమె దుఃఖంతో అనలేదు. వాన వచ్చేలా ఉంది అన్నట్టు అంది. నాకు మాత్రం సిగ్గేసింది. ముప్పై ఏళ్ళుగా నాలోంచి ఎంత అన్నం వెళ్ళిందో, ఎవరికి వెళ్ళిందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఆ మధ్యాహ్నం కొండమ్మ బయల్దేరింది. తండ్రి వాకిలికి అడ్డం నిలబడ్డాడు. "నేను పేటలో తలెత్తుకు తిరగాలా వద్దా?" అన్నాడు.

"నువ్వు ఇచ్చిన మాట ఒక గుండిగకు ఎక్కువైంది నాన్నా. ఆ ఎక్కువైంది నేను మోసుకుపోయి ఇచ్చేసొస్తా. నువ్వు రాబాక."

ఆయన పక్కకు తప్పుకున్నాడు. ఆ తర్వాత మూడు రోజులు ఆయన ఆమెతో మాట్లాడలేదు.

కొండమ్మ ప్రతి గడపకూ ఒకటే మాట చెప్పిందని తర్వాత పంపు దగ్గర ఆడవాళ్ళ మాటల్లో విన్నాను. "మా నాన్న ప్రేమ కొద్దీ పెద్ద పిలుపు చెప్పాడు. మాకున్నది ఒక గుండిగే. మీ ఇంటినుంచి ఒక్కరే రండి. కానీ ఎప్పుడూ వచ్చేవాళ్ళు వద్దు. ఎప్పుడూ రానివాళ్ళు రండి."

కొందరు నవ్వారట. కొందరు, చదువుకున్న పిల్ల కదా, ఇలాగే మాట్లాడుతుంది అన్నారట. ఒకింట్లో, మా ఇంట్లో ఎప్పుడూ రానిది ఎవరబ్బా అని ఇంటాయన చాలాసేపు ఆలోచిస్తే, లోపల్నుంచి భార్య దగ్గిందట. నరసయ్య మేస్త్రీకి మాత్రం కోపం వచ్చింది. "పిలిచి వద్దన్న ఇంటి గడప తొక్కను," అన్నాడు. "మీరు తొక్కొద్దనే చెప్తున్నా పెదనాన్నా, మీ అమ్మను పంపించండి," అని కొండమ్మ వచ్చేసింది. ఈ మాటకు పంపు దగ్గర రెండు రోజులు నవ్వుకున్నారు. కేశవులు ఆ రెండు రోజులూ పంపు వైపు వెళ్ళలేదు.

పెళ్ళినాడు పొద్దున నన్ను పొయ్యి ఎక్కించారు. కళాయి వేసిన లోపలి భాగం వెండిలా మెరుస్తోంది. వంటాయన పలకల లెక్క చూసి, "ఆడవాళ్ళు, ముసలోళ్ళు అయితే అన్నం మిగుల్తుంది. అయిదు కిలోలు తగ్గిద్దామా?" అన్నాడు. పిచ్చమ్మ వద్దంది.

తాళి కట్టడం పదకొండు గంటలకల్లా అయిపోయింది. అప్పుడు జనం రావడం మొదలైంది.

నేను చూసిన పెళ్ళిళ్ళలో మొదటి బంతికి తువ్వాళ్ళు భుజాన వేసుకున్న మగవాళ్ళు గబగబా వచ్చి కూర్చునేవాళ్ళు. ఈసారి ఎవరూ గబగబా రాలేదు. పెట్టె అడుగునుంచి తీసిన మడతల చీరలతో నెమ్మదిగా వచ్చారు. ఎక్కడ కూర్చోవాలో వాళ్ళకు తెలియలేదు. కొత్తకోడళ్ళు ఉన్నారు. ఒకామె మంచంలోంచి లేవని అత్తకు ఏడేళ్ళుగా సేవ చేస్తూ ఇల్లు కదలనిది. గనిలో చెయ్యి పోయాక నలుగురిలో ఎడంచేత్తో తినలేక పెళ్ళిళ్ళు మానేసిన ఒకాయన ఉన్నాడు. మొగుడు పోయిన ఆడవాళ్ళు పద్నాలుగు మంది. వాళ్ళు పందిరి బయటే ఆగిపోయారు. ఆదెమ్మ అందరికంటే వెనక ఉంది.

పెళ్ళికొడుకు తరఫు పెద్దావిడ ఒకామె వాళ్ళను చూసి మొహం చిట్లించింది. "శుభమా అని పెళ్ళి జరుగుతుంటే వీళ్ళెందుకొచ్చారు," అని పక్కామెతో అంది. శేషయ్య తల్లి కూడా భర్త లేనిదే. కొడుకు పెళ్ళికి వచ్చి, పొద్దుట్నుంచి వెనకగదిలో కూర్చుని ఉంది. ఆ మాట ఆమెకు వినపడింది. ఆమె లేచి వచ్చి, ఆదెమ్మ చెయ్యి పట్టుకుని మొదటి బంతిలో కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుంది. "వడ్డించండమ్మా, ఆకలేస్తోంది," అంది. మిగతా పదముగ్గురూ వచ్చి కూర్చున్నారు.

నరసయ్య తల్లి అందరికంటే ఆలస్యంగా వచ్చింది. ఆమెకు చూపు ఆనదు. చెయ్యి పట్టి నడిపించుకుంటూ తెచ్చింది నరసయ్యే. గడప దాకా వచ్చి ఆమెను పిచ్చమ్మకు అప్పగించి, మాట ప్రకారం గడప తొక్కకుండా, ఎండలో వీధి అవతల నిలబడ్డాడు. ఆమె బూరె ముక్కలు చేసుకుని మెల్లగా తినేంతసేపూ నిలబడే ఉన్నాడు. కేశవులు ఒక చెంబుతో మజ్జిగ పట్టుకుని వీధి దాటి వెళ్ళాడు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. చెంబు మాత్రం ఖాళీగా తిరిగొచ్చింది.

ఆదెమ్మ ఆకులో వేడన్నం పడింది. ఆవిరి లేచింది. ఆమె వెంటనే కలపలేదు. అరచెయ్యి అన్నం మీద కాసేపు పెట్టి ఉంచింది. తర్వాత పప్పు వేయించుకుని తింది. మూడోసారి అన్నం అడిగింది.

వంటాయన లెక్క తప్పింది. మిగలడం మాట అటుంచి, ఆఖరి బంతికి గరిటెతో నా అడుగు గీకాల్సి వచ్చింది. అన్నిసార్లు పొయ్యి ఎక్కాను గానీ అంతగా ఖాళీ అయింది ఆ రోజే. మర్నాటి సద్దన్నం కోసం ఎవరింటికీ గిన్నె వెళ్ళలేదు. ఆ గిన్నె అందాల్సిన వాళ్ళందరూ వచ్చి తినేశారు.

అప్పుడొక చిక్కు వచ్చింది. నన్ను తోమాలి. ఆదెమ్మ లేచి కొంగు దోపుకోబోయింది. కేశవులు "నువ్వు భోజనానికి వచ్చావమ్మా, కూర్చో," అని నన్ను పంపు దగ్గరికి దొర్లించాడు. మూడు రోజుల తర్వాత ఆయన గొంతు ఆ వాకిట్లో గట్టిగా వినపడటం అదే. బోర్లా వేసి మసి చూసి కాసేపు ఆలోచించాడు. తనకు తెలిసిన పనిముట్టు ఒకటే. పక్కన పడున్న పలకముక్క తీసుకుని, మిషను దగ్గర రాయి నున్నగా చేసినట్టు, గుండ్రంగా గీకడం మొదలుపెట్టాడు.

"రాయి పెట్టి గీకబాక అన్నా, అది పలక కాదు," అంది ఆదెమ్మ అరుగు మీద కూర్చుని. "ముందు చింతపండు, తర్వాత బూడిద. చుట్టూ రుద్దు. అట్టా కాదు, నీవైపు తిప్పుకో."

ఆయన ఆమె చెప్పినట్టే చేశాడు. మోచేతుల దాకా మసి. పట్టుపంచె మీద మసి. కొండమ్మ కొత్తచీర ఎగదోపుకుని నీళ్ళు పోసింది. చాలాసేపటికి ఇత్తడి కనిపించింది.

"ఎన్ని పెళ్ళిళ్ళలో తిన్నానో," అన్నాడు కేశవులు, కూతురితోనో నాతోనో, "దీని అడుగు ఇవాళే చూశా."

కొండమ్మ ఇంకో చెంబు నీళ్ళు పోసింది.

ఆషాఢంలో ఒకనాడు ఆయన కూతుర్ని తీసుకుని ఒంగోలు బస్సెక్కాడని పంపు దగ్గర విన్నాను. ఆ తర్వాత కొన్ని పెళ్ళిళ్ళకు పేటలో ఆమె పిలుపే పిలిచారు, ఇంటికొకరు, రానివాళ్ళు రండి అని. అందరూ కాదు. కలిగినవాళ్ళు మళ్ళీ నాలుగు గుండిగలకు పోయారు. ఆదెమ్మ ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. బతికినన్నాళ్ళు ఆమెను పిలవని పెళ్ళి మాత్రం నాకు గుర్తులేదు.

ఇప్పుడు వంటలు కాంట్రాక్టుకు ఇస్తున్నారు. అల్యూమినియం పాత్రలు వాళ్ళే తెచ్చుకుంటారు. కళాయి వేసే మనిషి ఈ వైపు వచ్చి చాలా ఏళ్ళయింది. నేను పేట కార్మికుల సంఘం గదిలో ఒక మూల బోర్లా పడున్నాను. మొన్న సంఘంవాళ్ళు పాత ఇత్తడి కొనేవాణ్ణి పిలిపించారు. నా మీద వాళ్ళకేం కోపం లేదు. గది ఇరుకు.

ఆ మనిషి నన్ను తట్టి చూశాడు. సొట్టలు లెక్కపెట్టాడు. బోర్లా ఉన్నాను కాబట్టి నా అడుగు పైకే ఉంది. దాని మీద వేళ్ళతో తడిమి, గుండ్రంగా పడ్డ లోతైన గీతల దగ్గర ఆగాడు. ఇవేంటని అడిగాడు. ఇప్పటి కార్యదర్శికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు.

"ఎవరో చేతగానోళ్ళు తోమినట్టున్నారు," అన్నాడు.

నిజమే. ఆయనకు చేతకాదు. అదే మొదటిసారి తోమడం.